ఫలక్‌నుమా గూడు

మా ఊరి స్టేషన్ ఇప్పుడు లేదు. శంషాబాద్ దాటి షాద్‌నగర్ వైపు పోయే రైల్లో కూర్చుంటే, ఎడమ చేతి పక్క ఒక చోట రాళ్ల కుప్ప, దాని మీద పెరిగిన సర్కారు తుమ్మ కనిపిస్తాయి. అదే మా స్టేషన్. రైలు అక్కడ ఆగదు కాబట్టి, ఎక్కడా అని మెడ తిప్పేలోపే వెళ్లిపోతుంది.

స్టేషన్ అనడం కూడా మేం గొప్పకు అనుకున్న మాటే. రైల్వే కాగితాల్లో అది హాల్టు. అంటే మాస్టర్ ఉండడు, సిగ్నల్ ఉండదు, జెండా ఊపేవాడు ఉండడు. ఒక రేకుల గది, ఒక మట్టి ప్లాట్‌ఫారం, ఊరి పేరు రాసిన పసుపు బోర్డు. టికెట్లు అమ్మడానికి రైల్వే తన మనిషిని పెట్టదు. ఊళ్లోనే ఒకరికి ఆ పని అప్పగిస్తుంది. అతన్ని హాల్టు ఏజెంటు అంటారు. మా ఊళ్లో ఆ ఏజెంటు మా ఆయన. పేరు ఆయనది, పనిలో సగం నాది.

హాల్టు ఎలా వచ్చిందో మా మామ చెప్పేవాడు. అంతకుముందు రైలు మా ఊరి దగ్గర ఎత్తు ఎక్కుతూ మెల్లగా పోయేదట. మెల్లగా పోతుంది కదా అని జనం గంపలతో సహా దూకేవాళ్లు. ఒకావిడ కాలు విరిగింది. అప్పుడు ఊళ్లో పెద్దలు కాగితం పెట్టారు. ప్లాట్‌ఫారం మీరే పోసుకుంటే బండి ఒక నిమిషం ఆపుతామని జవాబు వచ్చింది. ఇంటికి ఇరవై గంపల మొరం అని నిర్ణయించుకొని అందరూ మోశారు. మా అత్త నెలలు నిండిన కడుపుతో మోసింది. ఆ ప్లాట్‌ఫారం ఊరి చేత్తో పోసిన దిబ్బ. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత చెప్పేదానికి పనికొస్తుంది.

నేను కాపురానికి వచ్చేనాటికి చిన్న పట్టాలు, బొగ్గు ఇంజను. ఆరేసిన బట్టల మీద మసి పడేది. పొద్దున ఒక బండి పట్నం పోయేది, సాయంత్రం తిరిగి వచ్చేది. ఇంకో జత బండ్లు మధ్యాహ్నం. ఆ నాలుగు నిమిషాలే మా ఊరికి రైలు. మిగతా పొద్దంతా ఆ దిబ్బ మీద మేకలు తిరిగేవి.

గదిలో గోడకు చెక్క గూళ్లు ఉండేవి. ఒక్కో గూట్లో ఒక్కో ఊరి టికెట్ల కట్ట. అప్పటి టికెట్లు అట్ట ముక్కలు, బొటనవేలంత వెడల్పు. అన్నీ ఒకే రంగు, ఒకే కొలత. మీద రాసింది చదివితేనే ఏది ఏ ఊరిదో తెలిసేది. నాకప్పుడు చదువు రాదు. అంకెలు కూడా రావు. నోట్లను రంగుతో, బిళ్లలను బరువుతో గుర్తుపట్టేదాన్ని. టికెట్లను గూడుతో గుర్తుపట్టేదాన్ని. కింది వరుసలో మొదటిది బుద్వేల్. దాని పక్కది ఫలక్‌నుమా. ఆ పక్కది కాచిగూడ. మా ఆయన పెద్ద స్టేషన్ నుంచి కొత్త కట్టలు తెచ్చినప్పుడు నా కోసం దారాలు కట్టేవాడు. ఫలక్‌నుమాకు ఎర్ర దారం, కాచిగూడకు నల్ల దారం, బుద్వేల్‌కు ఏమీ లేదు.

ఆయన పొలానికి పోయినప్పుడల్లా నేనే కిటికీలో కూర్చునేదాన్ని. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. టికెట్టు తీసి ఇచ్చే ముందు దాన్ని కళ్ల దగ్గర పట్టుకొని, పెదాలు కదిపి, అప్పుడు ఇచ్చేదాన్ని. చదివినట్టు. ఎవరూ అలా చెయ్యమని చెప్పలేదు. ఊళ్లో ఆడవాళ్లెవరికీ చదువు రాని రోజులవి. కిటికీ ముందు నిలబడ్డవాళ్లు నన్ను చూసే చూపు నాకు బాగుండేది. ఏజెంటు భార్యకు చదువొచ్చని ఊరంతా అనుకుంది. నేను కాదనలేదు.

ఆపా అని ఒకావిడ రోజూ పొద్దున బండికి వచ్చేది. పేరు రాయను. భర్త లేడు, ఒక కూతురు. ఊరి చివర గుడిసె. గుట్టల మీద దొరికేదే ఆమె బతుకు. వానాకాలం పోతుండగా సీతాఫలాలు, చలికాలం రేగుపండ్లు, ఎండలు ముదిరే ముందు చింతచిగురు. ఏరుకొచ్చి ఫలక్‌నుమాలో దిగి గల్లీల్లో అమ్మేది. నేను ఆమెను ఆపా అనేదాన్ని, ఆమె నన్ను అక్కా అనేది. రెండింటికీ అర్థం ఒకటే. మాలో ఎవరు పెద్దో ఎప్పుడూ తేలలేదు.

"అక్కా, జర ఫలక్‌నుమా ఇయ్యి. జల్ది, బండి కూత పెట్టింది."

"కూత పెట్టింది నీ కడుపు. బండి ఇంకా తిమ్మాపూర్‌లనే ఉన్నది."

"ఉంటే ఉండనీ. చదివి ఇయ్యి మల్ల. తప్పు టికెట్ ఇస్తే నిన్నే జైలుకు పంపిస్త."

రోజూ ఇదే ఎగతాళి. నేను టికెట్టు కళ్ల దగ్గర పట్టుకొని పెదాలు కదిపేదాన్ని. ఆమె నవ్వి, గంపలోంచి ఒక పండు తీసి కిటికీలో పెట్టేది. గంప సర్దడంలో ఆమెది ఒక పద్ధతి. సీతాఫలాలను తొడిమ కిందికి పెట్టి నిలబెట్టేది, వరుసకూ వరుసకూ మధ్య ఆ చెట్టు ఆకులే పరిచేది. ఆ రోజు అమ్మేవి పైన, మర్నాటికి పండేవి అడుగున. పైనుంచి చూస్తే అల్లిన చాపలా ఉండేది.

ఒక సీతాఫలాల కాలంలో మా ఆయన జ్వరంతో పడ్డాడు. మూడో రోజుకు గూళ్లు ఖాళీ అయ్యాయి. పెద్ద స్టేషన్ వాళ్లు సాయంత్రం బండి గార్డుతో కొత్త కట్టలు కాగితంలో చుట్టి పంపారు. వాటికి దారాలు లేవు. ఉండవు కదా, అవి కట్టేది మా ఆయన. మంచం దగ్గరికి తీసుకుపోయి అడిగితే అయిపోయేది. కానీ ఆ మధ్యాహ్నమే ఆయన నన్ను కసిరాడు.

"నీకేం తెలుస్తది? మందు సీసకు, నూనె సీసకు తేడా తెల్వదు నీకు."

నాకు రోషం వచ్చింది. ఇన్నేళ్లుగా అమ్ముతున్నాను, ఆ మాత్రం తెలియదా అనుకున్నాను. మూడు కట్టలు ముందు పెట్టుకొని చూశాను. మా ఊళ్లో ఫలక్‌నుమాకు పోయేవాళ్లే ఎక్కువ. కాబట్టి ఎప్పుడూ ఆ కట్టే లావుగా వచ్చేది. లావు కట్టను ఫలక్‌నుమా గూట్లో పెట్టాను. సన్న కట్టల్లో నలిగిన కాగితం చుట్టినదాన్ని బుద్వేల్‌లో, రెండోదాన్ని కాచిగూడలో. పని అయిపోయింది. ఎవరినీ అడగకుండా చేశానని సంతోషపడ్డాను కూడా.

పెద్ద స్టేషన్ వాళ్లు ఆ తడవ బుద్వేల్‌వి ఎక్కువ పంపారు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు పొద్దున బండికి పాలవాళ్లంతా ఎక్కారు. వాళ్లకు నెల పాసులు, టికెట్టు అక్కర్లేదు. కిటికీ దగ్గర కొన్నది ఇద్దరే. బుద్వేల్‌లో పెళ్లిచూపులకు పోయే ఒకాయన, ఆపా. ఆయనకు ఫలక్‌నుమా టికెట్టు పోయింది, బుద్వేల్‌లో దిగితే ఎవరూ పట్టించుకోలేదు. ఆపాకు బుద్వేల్ టికెట్టు పోయింది. ఆమె ఫలక్‌నుమాలో దిగింది.

అక్కడ ఏం జరిగిందో తర్వాత పాలవాళ్లు చెప్పారు. టీసీ టికెట్టు చూసి, ఇది బుద్వేల్‌ది, జుర్మానా కట్టమన్నాడు. అతని తప్పేమీ లేదు, ఉన్నది చదివాడు. ఆపా ఒప్పుకోలేదట. "మా అక్క చదివి ఇచ్చింది. నీకు చదువు రాకపోతే నేనేం చెయ్యాలె?" అని మంది మధ్య అతన్ని తిట్టిందట. నా పెదాల కదలికను నమ్మి తిట్టింది. పొద్దంతా కూర్చోబెట్టారు. గంప ఎండలోనే ఉండిపోయింది. సీతాఫలం ఒక పూట దాటితే పగిలి కారుతుంది. ఆ గంపలో మిగిలింది ఈగలే.

ఆ సాయంత్రానికి మా ఆయన జ్వరం తగ్గి లేచి, గూళ్లు చూశాడు. చూడగానే అర్థమైంది ఆయనకు. కట్టలు మార్చి పెట్టాడు. నన్ను తిట్టనైనా లేదు. చిన్న గొంతుతో అన్నాడు:

"ఎవ్వలకు చెప్పకు. చదువు రానిదాన్ని కూసోబెట్టిండని తెలిస్తే ఏజెంటు పని పోతది. ఇగ నోరు మూసుకో."

నేను ఆ లావు కట్టలోంచి ఒక టికెట్టు తీసుకొని కొంగున ముడి వేసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో అప్పుడు తెలియదు.

మర్నాడు పొద్దున ఆపా వచ్చింది. గంప లేదు, వట్టి చేతులు. ప్లాట్‌ఫారం మీద ఇరవై ముప్పై మంది ఉన్నారు. ముందు రోజు సంగతి అప్పటికే అందరి నోళ్లలో నానుతోంది. ఆమె కిటికీ దగ్గర నిలబడి, అందరికీ వినపడేలా అడిగింది.

"అక్కా, వీళ్లకు జర చెప్పు. నేను ఫలక్‌నుమా అడిగినా లేదా?"

"అడిగినవ్."

"నువ్వు చదివే ఇచ్చినవ్ కదా?"

ఇప్పుడు రాయాల్సిన మాట ఇదే. నేనన్నాను:

"చదవకుండ ఇస్తనా? ఫలక్‌నుమాదే ఇచ్చిన. నువ్వెక్కడ మార్చుకున్నవో నాకేమెరుక?"

వెనక నుంచి ఒక పాలాయన అన్నాడు, "గుట్ట మీద పండ్లే కాదు, బండ్ల టికెట్లు గూడ ఏరుకుంటున్నట్టున్నది ఆపా!"

ప్లాట్‌ఫారమంతా నవ్వింది. ఆమె నవ్వినవాళ్ల వైపు చూడలేదు. నా వైపే చూసింది. బండి వచ్చింది, నిమిషం ఆగింది, పోయింది. ఆమె ఎక్కలేదు. దిబ్బ దిగి, చేలకు అడ్డంపడి రోడ్డు వైపు నడిచింది.

ఆ తర్వాత ఆమె స్టేషన్‌కు రాలేదు. కొన్నాళ్లు గంప నెత్తిన పెట్టుకొని రోడ్డు దాకా నడిచి బస్సు కోసం నిలబడేది. గంపను ఎక్కించుకునే బస్సులు తక్కువ. ఊళ్లో ఎక్కడ కనపడినా ఎవరో ఒకరు "టికెట్ ఉన్నదా ఆపా?" అనేవాళ్లు. నా ముందే అనేవాళ్లు. నేను వినేదాన్ని. ఆరు నెలలు తిరక్కుండా కూతుర్ని తీసుకొని ఊరు వదిలి వెళ్లిపోయింది. ఎక్కడికో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

కిటికీలో పండు పెట్టేవాళ్లు లేరు. ఎగతాళి చేసేవాళ్లు లేరు. జనం వచ్చేవాళ్లు, ఊరి పేరు చెప్పేవాళ్లు, టికెట్టు తీసుకుని పోయేవాళ్లు. నేను దాన్ని కళ్ల దగ్గర పట్టుకోవడం మానేశాను. మానేశానని ఎవరూ గమనించలేదు.

మా ఊరి బడికి పట్నం నుంచి ఒక పంతులమ్మ వచ్చేది, కోస్తా వైపు ఆవిడ. బడి వదిలాక సాయంత్రం బండి కోసం గంటసేపు మా బల్ల మీద కూర్చునేది. ఒకరోజు కొంగు ముడి విప్పి ఆ టికెట్టు ఆవిడ చేతిలో పెట్టాను.

"దీని మీద ఏం రాసుందో చెప్పమ్మా."

ఆవిడ ఆశ్చర్యపోయింది. "అదేమిటండీ, మీరు రోజూ చదివే ఇస్తారు కదా?"

"రాదమ్మా. చదివినట్టు చూస్త, గంతే."

ఆవిడ నవ్వలేదు. ఆ రోజు నుంచి పాత టికెట్లు ముందు పెట్టి అక్షరాలు నేర్పింది. నాకప్పుడు నలభై దాటాయి. ఒత్తులు నా నెత్తికి ఎక్కడానికి ఒక ఏడాది పట్టింది. నా అంతట నేను చదివిన మొదటి మాట ఆ టికెట్టు మీదిదే. బుద్వేల్. చదివి, దాన్ని మళ్లీ ముడి వేసుకున్నాను. పంతులమ్మ, చదివారే అని సంబరపడింది. నేను లేచి టికెట్ల గదిలోకి పోయాను.

అప్పుడైనా ఆపాను వెతికి చెప్పి ఉండాల్సింది. మా ఆయన బతికున్నన్నాళ్లు ఆయన పని పోతుందనుకున్నాను. ఆయన పోయాక ఏజెంటు పని నా పేరుకే వచ్చింది, సంతకం పెట్టి తీసుకున్నాను. ఇక నా పని పోతుందనుకున్నాను. చెప్పకుండా ఉండడానికి ఎప్పుడూ ఒక కారణం దొరికేది. కారణాలు అయిపోయేనాటికి చెప్పకపోవడమే అలవాటైంది.

స్టేషన్ చరిత్ర అడిగితే మిగిలింది కొంచెమే. చిన్న పట్టాలు పీకేసి పెద్దవి వేశారు. ఆ పని జరిగినన్నాళ్లు బండి లేదు, జనం బస్సులకు అలవాటుపడ్డారు. తర్వాత విమానాశ్రయం వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల చేలు పోయాయి. పాలు పిండేవాళ్లు బర్రెలను అమ్మి ప్లాట్లు కొన్నారు. పొద్దున బండికి ముప్పై మంది ఎక్కే చోట నలుగురయ్యారు, తర్వాత నేనొక్కదాన్నే కిటికీలో కూర్చుని బండిని చూసేదాన్ని. ఆగేది, ఎవరూ ఎక్కేవాళ్లు కాదు, దిగేవాళ్లు కాదు, పోయేది. రెండో లైను వేసేటప్పుడు హాల్టు ఎత్తేశారు. ఊరంతా గంపలతో మోసిన దిబ్బను ఒక్క మిషను పొద్దున మొదలుపెట్టి అన్నం వేళకు చదును చేసింది. చూడడానికి నేను తప్ప ఎవరూ రాలేదు.

ఇప్పుడు కొడుకూ కోడలూ విమానాశ్రయంలో షిఫ్టులకు పోతారు. ఇద్దరి షిఫ్టులూ వేరు. ఎవరు ఇంట్లో ఉన్నా నిద్రపోతుంటారు, నేను చప్పుడు కాకుండా తిరుగుతాను. పైన విమానాలు పోతుంటాయి. నాకు తెలిసినవాళ్లు వాటిలో ఉండరు కాబట్టి తల ఎత్తను.

మొన్న సీతాఫలాల కాలంలో శంషాబాద్ దవాఖానకు పోయి వస్తూ రోడ్డు పక్కన ఒక గంప చూశాను. పండ్లు తొడిమ కిందికి నిలబెట్టి ఉన్నాయి. వరుసల మధ్య ఆకులు. అల్లిన చాప. నా కాళ్లు ఆగిపోయాయి. గంప వెనక ఉన్న ఆమెకు యాభై దగ్గర ఉంటాయి.

"గిట్ల పెట్టుడు ఎవరు నేర్పిండ్రు బిడ్డా?"

"మా అమ్మీ. ఏమైంది? పండ్లు మంచిగ లేవా?"

"మీ అమ్మీ ఉన్నదా?"

"ఉన్నది. బాలాపూర్‌ల మా ఇంట్లనే ఉంటది."

మూడు రోజులు ఆగి పోయాను. బస్సు, తర్వాత ఆటో. ఆపా నేల మీద చాపేసుకొని చింతపండులో గింజలు తీస్తోంది. చేతులు వంకరపోయాయి. పక్క గదిలో, వాకిట్లో మనుషులున్నారు. నేను లోపలికి పోయి తలుపు దగ్గరికి వేశాను. అప్పుడు కూడా దాచే పనే చేశాను, చూడండి.

"ఆపా, నేను. స్టేషన్ అక్కను."

తలెత్తలేదు. "గొంతు మారలే నీది. కూసో."

కొంగు ముడి విప్పి టికెట్టు ఆమె ముందు పెట్టాను. గూళ్ల సంగతి, దారాల సంగతి, లావు కట్ట సంగతి చెప్పాను. నాకప్పుడు చదువు రాదని చెప్పాను. ఆమె గింజలు తీస్తూనే విన్నది. అంతా అయ్యాక అడిగింది:

"ఇప్పుడొస్తదా చదువు?"

"వస్తది."

"చదువు మరి."

"బుద్వేల్," అని చదివాను.

"గంతేనా? గీ ఒక్క ముక్క చెప్పనీకి ఇన్నేండ్లు పట్టిందా నీకు?"

ఆమె చేతులు దులుపుకొని మూసిన తలుపు వైపు చూసింది.

"నన్ను దొంగను చేసింది యాడ అక్కా? ప్లాట్‌ఫారం మీద, అందరి ముందల. ఇప్పుడొచ్చి తలుపేసి నా చెవుల చెప్తున్నవ్. నాకెందుకు చెప్పుడు? నేను దొంగను కాదని నాకు తెల్వదా? తెల్వనిది వాళ్లకు. వాళ్లేరి? ఆ పాలాయన ఉన్నడా?"

"పోయిండు."

"నవ్వినోళ్లు?"

"సగం మంది పోయిండ్రు. మిగిలినోళ్లు ఊళ్ల లేరు."

"పోనీ ఆ ప్లాట్‌ఫారం మీదికే పోదాం పా. ఆడనే నిలబడి చెప్పు, గాలి ఇంటది."

"ప్లాట్‌ఫారం లేదు ఆపా. తీసేసిండ్రు."

అప్పుడు నవ్వింది. పళ్లు లేవు. "జాగనే లేకపాయె. ఇగ మాఫీ యాడ ఇయ్యాలె నీకు?"

చాయ్ ఇచ్చింది. తాగాను. టికెట్టు తీసుకోబోతే దాని మీద చెయ్యి పెట్టింది. "ఇది నా దగ్గరుండనీ." మళ్లీ రమ్మని అనలేదు, రావద్దని అనలేదు. చింతపండు ముందుకు లాక్కుంది.

ఇంటికి వచ్చి ఈ నోటుబుక్కు తీశాను. ఆ రోజు ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్లు కాకపోతే వాళ్ల పిల్లలు, మనవలు చదువుతారేమోనని రాస్తున్నాను. ఆ ఉదయం ఆమె ఫలక్‌నుమాకే టికెట్టు అడిగింది, ఫలక్‌నుమాకే డబ్బు ఇచ్చింది. చదువు రాక గూడు మార్చింది నేను. చదివే ఇచ్చానని అబద్ధం చెప్పిందీ నేనే. ఆమె టికెట్టు మార్చుకోలేదు, ఎక్కడా ఏరుకోలేదు.

ఇది పత్రికలో అచ్చయితే తీసుకొని బాలాపూర్ పోతాను. ఈసారి లోపలికి పోను. వాకిట్లో నిలబడి, ఇరుగుపొరుగుకు వినపడేలా గట్టిగా చదువుతాను. ఆమె గింజలు తీసుకుంటూ వింటుందో, లేచి లోపలికి పోతుందో, అది ఆమె ఇష్టం.